నల్లవాగు అంటే ఏ వాగు?

పన్నెండు యుద్ధాలంటాడు హాల్డేన్ మాస్టారు.
పన్నెండూ గెలిచారట.
ఎక్కడన్నది మాత్రం రాసినవాడికి పట్టలేదు.
లాటిన్‌లో ఒక వరస: ఏటి పేరు, అడవి పేరు, కొండ పేరు.
దారి చెప్పకుండా ఊరి పేరొక్కటే చెప్పి
చేతులు దులుపుకుని లేచిపోయిన ముసలాడిలా.

అందులో నాలుగు ఒకే ఏటి ఒడ్డున జరిగాయట.
ఆ ఏటి పేరు విప్పి చూస్తే నల్లనీళ్లు.
"కుళ్లిన నాచునేల మీద పారే ప్రతి వాగూ నల్లదే మాస్టారూ,"
అన్నాను, డెక్క గీకుతూ, తలెత్తకుండా.
"మా చుట్టుపక్కలే మూడున్నాయి.
ఒకదాంట్లో మా అమ్మ గొర్రెల్ని కడిగేది."

నేను నాడాలు కొట్టేదాన్ని. మా నాన్నా అదే పని, తాతా అదే పని.
చరిత్ర నాకు తెలీదు,
కుంటే గుర్రం ఏ కాలు కుంటుతోందో
కళ్లు మూసుకుని చప్పుడుతో చెబుతాను.
అందుకే వచ్చాడాయన మార్చి నెల ముసురులో,
సైకిలు వెనక ఒక జీను కట్టుకుని.

తనే కుట్టాడట. నాలుగు మూలలా నాలుగు కొమ్ములు.
"ఆ రోజుల్లో రికాబులు లేవు థొమాసిన్.
కాలు మోపడానికి గాలే.
ఈ కొమ్ములే తొడల్ని పట్టుకునేవి.
చంకలో బల్లెం బిగించి దూసుకుపోయే బొమ్మలన్నీ
ఎన్నో వందల ఏళ్ల తర్వాతి సంగతి.
వీళ్లది భుజం పైనుంచి పొడుపు,
లేదంటే విసురు,
చెయ్యి ఖాళీ అయ్యాక పొడవు కత్తి."

రేవు దగ్గర గేటుకి గడ్డి బస్తా వేలాడదీశాడు.
నా గోధుమరంగు పొట్టిగుర్రం ఆ జీనుని
అత్తారింట్లో తొలిరోజు చీరలా మోసింది.

మొదటిసారి విసిరాను. బురదలో దిగబడింది, బస్తాకి బారెడు ఇవతల.
రెండోసారి పొడిచాను.
బస్తా నన్ను పొడిచింది, అలాగే అనిపించింది:
మణికట్టు, మోచెయ్యి, భుజం, మెడ,
వచ్చిన దెబ్బ వచ్చిన దారినే వెనక్కి నడిచింది.
కొమ్ము కొరికిన చోట తొడ మీద
రెండు వారాలు నేరేడుపండు రంగు.

మూడోసారి,
రేవు మధ్యలో గుర్రం ఆగిపోయింది.
అదిలించాను. మోకాళ్లతో అదిమాను. తిట్టాను.
తల వంచి నింపాదిగా నీళ్లు తాగింది.
ఒడ్డున మాస్టారు నోటుబుక్కులో ఏదో రాస్తున్నాడు.
తర్వాత చూశాను:
గుర్రానికి దాహమేసింది.

అవాళ కూడా ఒక గుర్రం ఇలాగే ఆగి ఉంటుంది.
దాని మీదున్నవాడు ఇలాగే తిట్టి ఉంటాడు,
అవతలి ఒడ్డున ఎవడో ఈటె ఎత్తుతుంటే.
గెలిచిన పన్నెండులో
వాడి లెక్క ఏ అంకె కింద వేశారో.

ఆ మధ్యాహ్నమే నిక్సన్ వాట్ తన యంత్రంతో
కీచుమన్న చోట తవ్వాడు.
జానెడు ఇనుము, మొన దేరి, తుప్పుతో ఉబ్బి.
మాస్టారు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు,
వానలో, టోపీ తీసేసి.

నేను బొటనవేలితో మట్టి తుడిచాను.
మొన దగ్గర ఎడమకి సగం చుట్టు మెలిక.
మా తాత తప్ప ఈ లోయలో ఎవరూ అలా తిప్పరు.
"దంతె పన్ను మాస్టారూ," అన్నాను.
అనకుండా ఉండాల్సిందేమో.
ఆయన కాసేపు వాగుకేసి చూశాడు.
"మంచి పనితనం," అని
రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్లాడు.

నిన్న లెక్క ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను.
బల్ల మీద పటం పరిచి ఉంది.
ఈ రేవు దగ్గర పెన్సిలుతో పెట్టడం, చెరపడం,
మళ్లీ పెట్టడం, మళ్లీ చెరపడం,
ఇరవై ఏళ్లుగా.
అక్కడ కాగితం అరిగి చిల్లు పడింది,
వేలు దూరేంత.
అందులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.

ఆయన టీ పెడుతూ లోపల్నుంచి అరిచాడు:
"రెండో నల్లవాగుకి ఎప్పుడు వెళదాం?"
తొడ తడుముకున్నాను.
"జీను కొమ్ములకి ఉన్ని చుట్టండి ముందు," అన్నాను.